గోడ మీది కేక

బస్సు దిగగానే ఊరు చూడవచ్చినవాళ్ళు ముందు ముక్కుకు ఏదో ఒకటి అడ్డం పెట్టుకుంటారు. ఆ తరువాత ఫోన్లు బయటికి తీస్తారు. ఈ రెండు పనులకూ మధ్య దొరికే కాస్త సందులోనే గైడమ్మాయి తన మొదటి మాట చెప్పేసుకోవాలి.

"జాగ్రత్తగా దిగండి, రాళ్ళు జారతాయి. ఇది ఎన్నో తరాలుగా చేపల మీద బతికిన ఊరు. ఇప్పుడు మీ మీద బతుకుతోంది" అంటుంది.

జనం నవ్వుతారు. ఒకసారి నవ్విన జనం ఆ తరువాత చెప్పినచోటికల్లా నడుస్తారని ఆమె అనుభవం.

ఊరికి వీధి ఒకటే. కొండ చరియ నుంచి రేవు దాకా మెలికలు తిరుగుతూ దిగుతుంది. రెండు పక్కలా రాళ్ళు పేర్చి కట్టిన పొట్టి ఇళ్ళు. తలుపులన్నిటికీ ఒకటే నీలం రంగు. ఆ రంగు వేయించింది పాత కట్టడాలను చూసుకునే ఆఫీసువాళ్ళు. వెనకటికి ఎవరి పడవకు వేయగా ఏ రంగు మిగిలితే అదే వాళ్ళ తలుపుకు ఉండేది. ఉప్పు గోదాము ఇప్పుడు టికెట్ల గది. ఐసు గది కాఫీ దుకాణం. కొయ్యల మీద వలలు ఇంకా వేలాడుతూనే ఉంటాయి కానీ, అవి నీళ్ళ ముఖం చూసి ఏళ్ళు దాటింది. నిజంగా వేటకు వెళ్ళే పడవలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ముక్కులు మూయించే ఆ వాసన వాటి పుణ్యమే. అందులో ఒకటి గైడమ్మాయి నాన్నది.

అన్నీ తిప్పి చూపించాక, చివరికి రేవు పక్కనున్న ఎత్తయిన గోడ మీదికి జనాన్ని ఎక్కిస్తుంది. అసలు అంతా వచ్చేది దానికోసమే. అక్కడ ముతక ఊలు శాలువా కప్పుకుని, గాలికి వీపు పెట్టి ఒక పెద్దావిడ కూర్చుని ఉంటుంది. ఊళ్ళోవాళ్ళు గొంతమ్మ అంటారు. గైడమ్మాయికి స్వయానా మేనత్త. కన్నతల్లి పోయాక పెంచింది కూడా ఆవిడే.

ఆ తీరాన పొగమంచు చెప్పాపెట్టకుండా వస్తుంది. ఎండ కాస్తుండగానే సముద్రం మీద ఎవరో దుప్పటి లాగినట్టు కప్పేస్తుంది. రేవు ద్వారం చూస్తే ఇరుకు, దాని పక్కనే నీళ్ళలో సగం మునిగిన రాళ్ళు. దారి చూపే యంత్రాలు లేని రోజుల్లో, మంచులో చిక్కుకున్న పడవను ఆ ఇంటి ఆడమనిషే పిలిచి లోపలికి తెచ్చుకునేది. రేవు ద్వారం పక్కన ఒక చదునైన బండ ఉంది. దాని మీద నిలబడి కేక వేసేది. కేక అంటే పేరు పెట్టి పిలవడం కాదు. ఒక ఎత్తు, ఒక దించు, మధ్యలో ఒక విరుపు. ఏ పడవ కేక ఆ పడవదే. రెండు పడవలు ఒకేసారి వచ్చి ద్వారంలో గుద్దుకోకుండా ఒకరి తరువాత ఒకరు పిలిచేవాళ్ళు. కేక విన్నవాడు తెడ్డుతో పడవ అంచు మీద కొట్టేవాడు. ఆ చప్పుడే జవాబు. ఇక గొంతు ఎటుంటే అటే రావడం.

గొంతమ్మకు కేక నేర్పింది తల్లి. ఖాళీ పీపాలో తల పెట్టించి అరిపించేది. "గొంతుతో కాదే, పొట్టతో. గొంతు అరువు సొమ్ము, పొట్ట మన సొంతం" అనేది. తల్లికి ఆయాసం జబ్బు. అందుకని ఊహ తెలిసినప్పటి నుంచి తండ్రి పడవను పిలిచింది గొంతమ్మే. తండ్రి తరువాత ఆ పడవ తమ్ముడిది అయింది, ఆ కేకా తమ్ముడిదే అయింది. వాడికి పెళ్ళయ్యేదాకా వాణ్ణీ తనే పిలిచింది. తమ్ముడి పెళ్ళినాడు మరదలిని పక్క గదిలోకి తీసుకుపోయి తలుపు వేసుకుని కేక అప్పగించింది. బయట మగాళ్ళు నవ్వారు. "ఆడపడుచు తాళాలు అప్పగిస్తుందనుకుంటే అరుపులు అప్పగిస్తోందే" అని.

తన భర్త పడవకు కేక పొట్టిది, రెండు విరుపులు. ఒక చలికాలం ఆ పడవ రాలేదు. ఆమె బండ దిగలేదు. అన్నం తెచ్చిన మరదలిని కసిరి పంపింది. మంచు విడిచి ఎండ వచ్చి, సముద్రం చివరిదాకా ఖాళీగా కనపడుతున్నా పిలుస్తూనే ఉంటే తమ్ముడు వచ్చి భుజాన వేసుకుని దింపాడు. అప్పటి నుంచి ఆమె గొంతులో ఒక చీలిక. పై స్థాయికి పోయినప్పుడు పాత గుడ్డ చిరిగినట్టు వినిపిస్తుంది. చూడవచ్చినవాళ్ళకు తెగ నచ్చేది అదే. "ఆ జీర ఎలా తెస్తారమ్మా?" అని అడిగినవాళ్ళున్నారు.

యంత్రాలు వచ్చాక కేక పని అయిపోయింది. మరదలు జ్వరంతో పోయింది. పిలిచే పనిలేని ఇల్లు, పిలిచే మనిషి లేని ఇల్లు రెండూ ఒకటే అయి అక్కాతమ్ముళ్ళు, పిల్ల ఒకే గడప కింద సర్దుకున్నారు. ఆ తరువాత కొన్నేళ్ళకు ఆఫీసువాళ్ళు వచ్చి, ఊరు చూడవచ్చేవాళ్ళకు కేక వినిపించాలన్నారు. గొంతమ్మ ఒంటికాలి మీద లేచింది. నీళ్ళ మీద లేని పడవను పిలవడం ఏమిటి, బుద్ధుండక్కర్లేదా అంది. మేనకోడలు నెత్తీనోరూ కొట్టుకుని ఒప్పించింది. సరే, ఎవరి కేక?

"మావయ్యది పొట్టిగా బాగుంటుందేమో అత్తా."

"ఇంకోసారి ఆ మాట ఎత్తావంటే ఈ ఇంట్లో మంచినీళ్ళు ముట్టను."

తమ్ముడే నవ్వుతూ అన్నాడు. "నాది తీసుకోవే అక్కా. మూల పడి తుప్పు పడుతోంది. నాకు దారి చూపడానికి మిషనుందిగా."

అలా తమ్ముడి కేక టికెట్టు మీదికి ఎక్కింది. జనం జారి పడతారని బండకు అడ్డంగా తాడు కట్టి, కేక వేసే చోటు గోడ మీదికి మార్చారు. గోడకూ రేవు ద్వారానికీ మధ్య ఉన్నవి ఆ మునిగిన రాళ్ళే. గోడ మీది కేక విని ఎవడైనా పడవ తిప్పాడంటే తిన్నగా రాళ్ళ మీదికే. వేటకు పోయేవాళ్ళకు ఇదొక హాస్యమైంది. ఎవడైనా తెలివితక్కువ పని చేస్తే "వీడు మధ్యాహ్నం గొంతమ్మ కేసి పడవ తిప్పే రకంరా" అనేవాళ్ళు. అలా కొన్నేళ్ళలో ఊళ్ళో చెవులన్నీ ఆమె గొంతును విననట్టు ఉండటం నేర్చుకున్నాయి.

ఒకరోజు పొద్దున ఇంట్లో గొడవ జరిగింది. తమ్ముడు రేవు నుంచి ఉత్త బుట్టతో వచ్చాడు. గైడమ్మాయి ఎన్నాళ్ళ నుంచో నోట్లో నానుతున్న మాట బయటపెట్టింది. పడవ ఆఫీసుకు ఇచ్చేస్తే వీధి మొదట్లో పెడతారట. అందులో మట్టి పోసి పూల మొక్కలు వేస్తారట. చూడ్డానికి ముచ్చటగా ఉంటుందట.

"నేను బతికుండగానే నా పడవలో మట్టి పోస్తారా?" అన్నాడతను.

గొంతమ్మ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండానే అంది. "బతికుండి నువ్వు పొడిచేదేముంది? నువ్వు తెచ్చే చేపలకు పిల్లి కూడా గుమ్మం దాకా రావడం మానేసింది. నీ కన్నా నీ కేక నయం. రోజూ ఇంత తిండి పెడుతోంది."

అతను పళ్ళెం పక్కకు జరిపి లోపలి గదిలోకి పోయాడు. అలిగాడనీ, పడుకుని లేస్తే అదే పోతుందనీ ఆడవాళ్ళిద్దరూ ఎవరి పని మీద వాళ్ళు వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం బస్సు వచ్చేసరికి మంచు దిగింది. గోడ మీద నిలబడితే కింద నీళ్ళు కనపడటం లేదు, చప్పుడు మాత్రమే పైకి వస్తోంది. జనం మురిసిపోయారు. "మన అదృష్టం చూశారా, సరిగ్గా కావలసిన వాతావరణం" అని టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి అందరికీ చెప్పాడు, మంచు తనే తెప్పించినట్టు. గైడమ్మాయి మైకులో కథంతా చెప్పింది. గొంతమ్మ శాలువా సర్దుకుని, పాదాలు ఎడంగా పెట్టి, కేక వేసింది. ఎత్తు, విరుపు, చీలిక, దించు.

కేక చివర ఎప్పుడూ కాసేపు మౌనం ఉంటుంది. జవాబు కోసం ఆగడం. జనం ఎదుట కూడా ఆమె ఆ ఆగడం మానలేదు. ఆ మౌనంలో ఎక్కడో దూరంగా కొయ్య మీద కొయ్య తగిలినట్టయింది. తల ఇటు తిప్పేలోపు చప్పట్లు భోరున కురిశాయి.

"ఏదో చప్పుడయిందే" అంది మేనకోడలితో.

"రేవులో పడవలు రాసుకుంటున్నాయిలే అత్తా."

"అమ్మా, ఇంకొక్కసారి!" టోపీ ఆయన ఫోను ఎత్తి పట్టుకుని బతిమాలాడు. "నా వీడియోలో ఎవరిదో తుమ్ము పడింది. మా ఆవిడకు చూపించాలి. ఇక్కడికి వచ్చే ఓపిక తనకు లేదు."

ఆవిడ ఇంకోసారి వేసింది. ఈసారి చెవి అటే పడేసి ఉంచింది. టక్, టక్. కొంచెం దగ్గరగా. మళ్ళీ చప్పట్లు.

గొంతమ్మ గోడ మెట్లు దిగింది. దిగిందనడం కన్నా జారిందనడం నిజం. రేవులో తమ్ముడి పడవ కట్టే ఇనుప కడియం దగ్గరికి పోయి చూసింది. కడియం ఉంది, తాడు లేదు. పడవ లేదు. మిగతా పడవలన్నీ ఉన్నాయి. వాటి మనుషులు పొద్దున్నే చేపలతో లారీ ఎక్కి పట్నం మార్కెట్టుకు పోయి ఉన్నారు. వెనకే పరుగున వచ్చిన గైడమ్మాయి ఫోను చేసింది. వీధి పై మలుపులో, వాళ్ళ ఇంట్లోంచే, సన్నగా మోత వినిపించింది.

"మిషనుంటుందిగా అత్తా, దారి తెలుస్తుందిగా" అంటూనే ఆ పిల్ల ఆగిపోయింది. మిషను నిన్నటి నుంచి వంటింటి బల్ల మీద ఉంది. తడిసి పాడయిందని విప్పి, మూకుడు పక్కన ఆరబెట్టాడు. పొద్దున కాఫీ గ్లాసు పెట్టడానికి తనే దాన్ని పక్కకు జరిపింది కూడా.

ఇంజను చప్పుడు ఎక్కడా లేదు. అంటే అది ఆగిపోయింది. తెడ్డు మీద ఉన్నాడు.

పెద్ద రేవులో సముద్ర రక్షణవాళ్ళకు ఫోను కలిసింది. ఆ మనిషి మర్యాదగానే మాట్లాడాడు. లాంచీ బయలుదేరదీస్తామన్నాడు, కానీ ఈ మంచులో మీ రాళ్ళ మధ్యకు తీసుకురాలేం, పలచబడేదాకా బయటే కాచుకుని ఉంటాం అన్నాడు. "ఆయన ఉన్నచోటే లంగరు వేసుకుని ఉండమని చెప్పండమ్మా." ఎలా చెప్పడం? చెప్పే దారి ఉంటే ఈ రక్షణ మనిషికి ఫోను చేయడమెందుకు?

గొంతమ్మ మంచు కేసి చెవి పెట్టింది. లంగరు వేసుకుని కూర్చునేవాడయితే భయం లేదు. కొయ్య చప్పుడు మొదటిసారి కన్నా రెండోసారి దగ్గరైంది. వాడు కదులుతున్నాడు. గోడ మీది నుంచి తను వేసిన కేకకే కదులుతున్నాడు. లేదా ఆటుపోటే వాణ్ణి అటు నెడుతోంది, తెడ్డుతో కొట్టి ఎవరినో సాయం పిలుస్తున్నాడు. మొదటిదయితే వాడు నేరుగా రాళ్ళ మీదికి వస్తున్నాడు. రెండోదయితే, తన గొంతు వాడి చెవిలో పడినా ఆటే అనుకుంటాడు. ఇప్పుడు బండ మీదికి పోయి నిజంగా పిలిచినా, అది గోడ మీది కేకే అనుకుని పెడముఖం పెడతాడు. మంచులో శబ్దం ఏ పక్క నుంచి వచ్చేదీ గీత గీసినట్టు తెలియదు. నిజం కేక, అబద్ధం కేక రెంటికీ గొంతు ఒకటే. రెండూ తనవే.

ఆమె బండ కేసి పరుగెత్తింది. ఆ వయసులో దాన్ని పరుగు అనవచ్చునో లేదో. అడ్డం కట్టిన తాడు కింద నుంచి దూరుతుంటే మోకాలు చెక్కుకుపోయింది. వెనక ఎవరో గబగబా వస్తున్నారు. చూస్తే టోపీ ఆయన.

"రెండో భాగం ఇక్కడా అమ్మా?" అన్నాడు.

"నా తమ్ముడు నీళ్ళ మీద ఉన్నాడు బాబూ. నిజంగా ఉన్నాడు."

ఆయన ఆమె ముఖం చూశాడు. ఫోను జేబులో పెట్టేశాడు. బండ మీద నాచు జారేచోట వెనక నిలబడి, ఆమె నడుముకు రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

ఆమె తమ్ముడి కేక వేసింది. పొట్టతో, తల్లి నేర్పినట్టు. పై నుంచి, గోడ మీది నుంచి, కనపడని జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు. ఎవరో ఈల వేశారు. జవాబు వచ్చిందో లేదో ఆ మోతలో కలిసిపోయింది.

గైడమ్మాయి గోడ ఎక్కి మైకు అందుకుంది. "దయచేసి చప్పట్లు కొట్టకండి. మా నాన్న అక్కడ, నీళ్ళలో..." మాట పూర్తి చేయకుండానే మంచు కేసి చెయ్యి చూపింది.

"ఎంత సహజంగా చేస్తోందో చూడు" అని ముందు వరసలో ఒకావిడ పక్కనావిడతో అంది. ఆ పక్కనావిడ కళ్ళు తుడుచుకుని మరీ చప్పట్లు కొట్టింది. నాలుగైదు ఫోన్లు గైడమ్మాయి ముఖానికి దగ్గరగా వచ్చాయి. ఇన్నేళ్ళుగా ఈ జనాన్ని నవ్వించడం, నోళ్ళు తెరిపించడం నేర్చుకుంది తప్ప, వాళ్ళను నమ్మించే మాట ఒక్కటి కూడా తన దగ్గర లేదని ఆమెకు అప్పుడు తెలిసింది. మైకు కింద పడేసింది. ముందున్న ఫోనును చేత్తో కొట్టింది. అది గోడ అంచు దాటి పోయింది.

"నోళ్ళు ముయ్యండి! మా నాన్న చచ్చిపోతున్నాడు, నోళ్ళు ముయ్యండి!"

ఫోను పోయినావిడ గోడ అంచు నుంచి వెనక్కి జరిగింది. గోడ మీద నిశ్శబ్దం ఒకరి నుంచి ఒకరికి పాకింది.

బండ మీద గొంతమ్మ మళ్ళీ ఊపిరి తీసుకుంది. కేక పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది. ఎన్నిసార్లు వేసినా అదే కేక. అరిగిపోయిన కేక. దానికి తోకగా ఏం తగిలిస్తే వాడు నమ్ముతాడు? ఒక్కసారిగా ఆమెకు ఒళ్ళు మండిపోయింది. వాడి మీదా, తన మీదా, ఆ మంచు మీదా.

"ఒరేయ్! వినపడి చస్తోందా? నేనేరా మీ అక్కని! ఇది ఆట కాదురా మొండి వెధవా! బండ మీద ఉన్నా, బండ మీద! గోడ కేసి రాకు! మిషను మూకుడు పక్కన పడేసి సముద్రం మీదికి పోయే మొనగాడు నువ్వొక్కడివేరా లోకంలో! అన్నం ముందు నుంచి లేచిపోవడం చిన్నప్పటి నుంచీ అలవాటేగా నీకు! చేపముల్లు గుచ్చుకుంటే ఊరంతా వినపడేలా ఏడ్చినవాడివి, ఇప్పుడు నోరు పడిపోయిందా? పలకవేం? పొద్దున నేనన్నది తప్పేరా! తప్పే! వచ్చి నన్ను నాలుగు తిట్టు, కొట్టినా పడతాను! చచ్చి సాధించకురా, నీకు దండం పెడతాను!"

గోడ మీద ఎవరూ కదలలేదు.

మంచులోంచి, కొయ్య మీద కొయ్య. ఆ తరువాత ఒక మగ గొంతు, అరిగిపోయి, చాలా కోపంగా.

"చేపముల్లు కాదే! గాలం!"

గొంతమ్మ ఏడ్చిందో నవ్విందో. కానీ ఆ గొంతు వచ్చింది ఎక్కడి నుంచి? ఎడమ పక్క నుంచి. గోడ కింద నుంచి. రాళ్ళ మధ్యలోంచి.

"అటు కాదురా! నా గొంతు కేసి రా! నా గొంతు..." ఇంకా ఏదో అనబోయింది. నోరు కదిలింది, శబ్దం రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. ఉత్త గాలి వచ్చింది. చేత్తో మెడ పట్టుకుని పిసుక్కుంది. గుండె మీద గుద్దుకుంది. లేదు. పొట్ట ఉంది, ఊపిరి ఉంది, గొంతు లేదు.

మెట్లు దిగి పరుగెత్తుకొచ్చిన గైడమ్మాయి అత్త నోరు చూసి అర్థం చేసుకుంది. ఆమెకు కేక రాదు. నేర్పుతానని అత్త అన్నప్పుడల్లా "మైకుందిగా" అని తప్పించుకుంది. గొంతమ్మ ఆమె చెయ్యి పట్టి బండ కొసకు లాగి, తన వేళ్ళతో ఆ పిల్ల పొట్ట మీద గట్టిగా పొడిచింది. ఇక్కడి నుంచి.

"నాన్నా!"

చిన్నగా వచ్చింది. గొంతమ్మ మళ్ళీ పొడిచింది.

"నాన్నా! ఇటు! నాన్నా!"

పొడిచినప్పుడల్లా అరిచింది. అరిచినప్పుడల్లా ఆగారు. తెడ్డు చప్పుడు కొంచెం ఇటు జరిగింది. ఇంకొంచెం. అతను తిరుగుతున్నాడు. ఇంకొక్క నాలుగు పడవల దూరం తిరిగితే లోతు నీళ్ళు. గొంతమ్మ కళ్ళు మూసుకుని వినసాగింది. నీళ్ళు రాతి చుట్టూ సుడి తిరిగే చప్పుడు, దాని మీద ఏదో బరువు ఎక్కుతున్న చప్పుడు. ఆ తరువాతది ఆమె ఏనాడూ వినకూడదనుకున్నది. ఇంటి దూలం విరిగినట్టు, పొడుగ్గా, తాపీగా, ఒకదాని తరువాత ఒకటి చెక్కలు విడిపోవడం.

"నాన్నా!" అని ఆ పిల్ల ఈసారి ఎవరూ పొడవకుండానే అరిచింది. అది మాత్రం అసలైన కేక. దానికి ఎత్తూ లేదు, విరుపూ లేదు.

జవాబు లేదు.

మళ్ళీ అరిచింది. లేదు.

గొంతమ్మ నీళ్ళలోకి దిగబోతే టోపీ ఆయన గట్టిగా పట్టుకున్నాడు. ఆమె ఆయన చేతిని కొరికింది. ఆయన వదలలేదు. "మీరు దిగితే ఇద్దరినీ వెతకాలమ్మా, ఇద్దరినీ వెతకాలి" అంటూ అదే మాట పదే పదే అన్నాడు, తనకు తాను చెప్పుకుంటున్నట్టు.

అప్పుడు నీళ్ళలోంచి, దాదాపు వాళ్ళ పాదాల కింద నుంచి, దగ్గు వినిపించింది.

బండకు అడ్డంగా కట్టిన తాడును గైడమ్మాయి ఊడబీకింది. టోపీ ఆయన దాన్ని నడుముకు చుట్టుకుని మెడలోతు దిగాడు. టోపీ పోయింది. చాలాసేపు పట్టింది. రెండుసార్లు దొరికినట్టే దొరికి జారాడు. చివరికి విరిగిన తెడ్డును కౌగలించుకుని అలలకు కొట్టుకొచ్చిన ముసలాయనను, తెడ్డుతో సహా, ముగ్గురూ కలిసి బండ మీదికి లాక్కున్నారు. అతని కుడిచెయ్యి భుజం దగ్గర నుంచి వేరే ఎవరిదో అన్నట్టు వేలాడుతోంది. పెదవులు నల్లబడ్డాయి. గొంతమ్మ తన శాలువా తీసి అతనికి చుట్టింది. దాని మీద ఎక్కి కూర్చున్నంత పని చేసింది, వేడి తగలాలని.

"నాన్నా, నువ్వు అటెందుకు వెళ్ళావు?" కూతురు ఏడుస్తూ అడిగింది. "మధ్యాహ్నం కేక గోడ మీదేనని నీకు తెలియదా? నీకు తెలియకపోవడమేమిటి?"

అతను పళ్ళు టకటకలాడుతుండగా అన్నాడు. "తెలుసమ్మా. మొదటిసారి విన్నప్పుడే అనుకున్నా, అక్క ఆట మొదలైంది, అటు పోకూడదు అని. లంగరు వెయ్యబోయాను కూడా." ఆగి, ఊపిరి తీసుకున్నాడు. "కానీ నా కేక కదే. చిన్నప్పటి నుంచీ అది వినపడితే ఇంటికి రమ్మనేగా. వద్దు వద్దని నేను అనుకుంటూనే ఉన్నా, చేతులు తిప్పేశాయి."

గొంతమ్మ ఏదో చెప్పబోయింది. నోరు ఊరికే తెరుచుకుంది.

"తిట్టు, తిట్టు. గొంతొచ్చాక తిట్టుదువుగాని" అని అతను కళ్ళు మూసుకున్నాడు.

మంచు వచ్చినట్టే, చెప్పకుండా పోయింది. గోడ మీద జనం బారులు తీరి నిలబడి ఉన్నారు. సరిగ్గా వాళ్ళ కాళ్ళ కింద, చేత్తో విసిరిన రాయి పడేటంత దూరంలో, పడవ ముందు భాగం రెండు రాళ్ళ మధ్య నిటారుగా ఇరుక్కుని ఉంది. మిగతాదంతా చెక్కలుగా తేలుతోంది. ఎవరూ ఫోటో తీయలేదు. ఆ తరువాత ఒకరు తీశారు. ఆ తరువాత కొందరు.

అతని భుజం అతికింది కానీ, చెయ్యి చెవి దాకా లేవదు. పగిలిన పడవ కేకను ఆ ఊళ్ళో ఎవరూ మళ్ళీ వేయరు. వేద్దామన్నా గొంతమ్మకు గొంతు తిరిగి రాలేదు. ఉదయం పూట గుసగుసలాంటిది ఏదో వస్తుంది, మధ్యాహ్నానికి అదీ ఉండదు. ఆఫీసువాళ్ళు వచ్చి, మేనకోడలికి నేర్పించకూడదా అని అడిగారు. గైడమ్మాయి తలుపు దగ్గరే నిలబెట్టి పంపించేసింది. బస్సు వస్తూనే ఉంది. ఆమె వీధి అంతా చూపిస్తుంది, గోడ దగ్గరికి వచ్చేసరికి "ఇక్కడితో అయిపోయింది" అంటుంది. అంతేనా అని కొందరు గొణుగుతారు. టికెట్టు ధర తగ్గించారు. ఇంటి ఖర్చూ తగ్గించుకోవలసి వచ్చింది.

మధ్యాహ్నాలు అక్కాతమ్ముళ్ళు ఇద్దరే ఇంట్లో ఉంటారు. ఆమెకు మాట లేదు, అతనికి పని లేదు. కిటికీ పక్క కుర్చీలో అతను కళ్ళు మూసుకుని ఉంటాడు. వీధిలో బస్సు ఆగి, జనం మాటలు సద్దుమణిగిన కాసేపటికి, ఎవరూ పిలవకుండానే, ఒడిలో పెట్టుకున్న అతని చేతులు మెల్లగా కదలడం మొదలుపెడతాయి. మంచిది, దెబ్బ తిన్నది రెండూ. తెడ్డు తిప్పినట్టు, ఒక పక్కకే. గొంతమ్మ చేస్తున్న పని వదిలి వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. ఆపమని చెప్పడానికి నోరు లేదు. ఆ రెండు చేతుల మీదా తన చేతులు వేసి అదిమి పట్టుకుంటుంది. అవి కింద కాసేపు పెనుగులాడి, తరువాత ఆగుతాయి.